హెడ్‌ఫోన్ జాక్ కథ: ట్రంకు బోర్డు నుంచి ఇంటి కంప్యూటర్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు లేవు. మీ ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాని ముందువైపు చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది చూడండి, పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ వేసి ఉంటుంది. ఈరోజు దాని చరిత్ర చెప్తాను. ఇంత చిన్నదానికి చరిత్రేంటి అనుకోకండి. దానికి నూట నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. మన ఇళ్ళల్లో వాడే యంత్రాల్లో ఇంత పాత ఆలోచన ఇంకా బతికున్నవి చాలా తక్కువ.

ఇది ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్పాలి. ఆ రంధ్రం పాడవడం వల్ల మా పెద్దమ్మ ఒక ఆదివారం పొద్దున్న తన కొడుకు గొంతు వినలేకపోయింది. అందులో రంధ్రం తప్పు కొంత, నా తప్పు కొంత.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. వయసు 74. 1970లో రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరుగా చేరింది. ఇప్పుడు హైదరాబాదులో మా ఇంట్లో కొన్నాళ్ళు, వాళ్ళ అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళు ఉంటోంది. ఆవిడ కొడుకు, అంటే మా అన్నయ్య, న్యూజెర్సీలో ఉంటాడు. అప్పటికి ఆయనకి గుండె ఆపరేషన్ జరిగి పది రోజులైంది. ఆపరేషన్ తర్వాత తల్లితో మాట్లాడటం అదే మొదటిసారి. అక్కడ శనివారం రాత్రి, ఇక్కడ ఆదివారం పొద్దున్న. పెద్దమ్మకి వినికిడి తగ్గింది. స్పీకర్లో మాట్లాడితే శబ్దం వస్తున్నట్టు తెలుస్తుంది గానీ మాట అర్థం కాదు. అందుకని ఆవిడకి చెవుల మీద పూర్తిగా కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్ కొనిపెట్టాం. కంప్యూటర్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

అన్నయ్య తెరమీదకి వచ్చాడు. చిక్కిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. పెద్దమ్మ నావైపు తిరిగి, "ఏమీ వినపడట్లేదురా" అంది.

నేను అందరం చేసేదే చేశాను. సౌండు పెంచాను. మ్యూట్‌లో ఉందేమో చూశాను. ప్రోగ్రామ్ మూసి మళ్ళీ తెరిచాను. కంప్యూటరే ఆపి మళ్ళీ పెట్టాను. సౌండు సెట్టింగుల్లో ఆకుపచ్చ గీత అన్నయ్య మాట్లాడుతున్నప్పుడల్లా లేచి పడుతోంది. అంటే గొంతు కంప్యూటర్ దాకా వస్తోంది. హెడ్‌ఫోన్ పాడైందేమోనని ఒక కొత్త సినిమా పాట పెట్టి నా చెవికి పెట్టుకున్నాను. డప్పులు, గిటార్లు గట్టిగానే వినిపించాయి. రెండు సెకన్లు విని తీసేశాను. హెడ్‌ఫోన్ బాగుంది, జాక్ బాగుంది, తప్పంతా అవతలివైపే అని తేల్చేశాను. అన్నయ్యకి మెసేజ్ పెట్టాను, నీ మైకు పనిచెయ్యట్లేదని. పాపం ఆపరేషన్ అయిన మనిషి, లేచి వెళ్ళి ఇంకో మైకు వెతికి తెచ్చుకుని, అరగంట దానితో కుస్తీ పట్టాడు. చివరికి పెద్దమ్మ తెరవైపు చెయ్యి ఊపి, "సరేలే నాన్నా, పడుకో" అంది. ఆయన ఏమన్నాడో ఆవిడకి వినపడలేదు.

మీరు అడగొచ్చు, అదే హెడ్‌ఫోన్ మీ ఫోన్‌కి పెట్టొచ్చు కదా అని. నా ఫోన్‌కి ఆ రంధ్రమే లేదండీ. ఆ సంగతి చివర్లో వస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ మళ్ళీ కంప్యూటర్ దగ్గరికొచ్చింది. "ఘంటసాల పాట ఏదైనా పెట్టు చూద్దాం" అంది. పెట్టాను. తెర మీద పాట నడుస్తోంది, హెడ్‌ఫోన్లో మాత్రం దాదాపు నిశ్శబ్దం. కొత్త పాట పెట్టాను. ఆవిడ కాసేపు విని, "మేళం ఉంది గానీ పాడేవాడు లేడేంట్రా?" అంది. నేను తీసుకుని సరిగ్గా విన్నాను. నిజమే. వాయిద్యాలున్నాయి, గాయకుడు లేడు. ఎక్కడో బావిలో నుంచి ప్రతిధ్వని లాంటిది వస్తోంది, అంతే. పొద్దున్న నేను రెండు సెకన్లు కాక పది సెకన్లు విని ఉంటే అప్పుడే తెలిసేది.

అప్పుడు ఆవిడ ఒక మాట అంది. "ఆ పిన్ను లోపలికి నెట్టి, కొంచెం తిప్పి చూడు. మా బోర్డు మీద కార్డు మొరాయిస్తే మేం ముందు చేసే పని అదే." పిన్నుని పక్కకి నొక్కి తిప్పాను. ఒక్క క్షణం ఘంటసాల గొంతు నిండుగా వినిపించి, చెయ్యి వదలగానే పోయింది.

ఆవిడ "మా బోర్డు" అంది చూశారా, అక్కడి నుంచే కథ మొదలవుతుంది.

బెల్ టెలిఫోన్ పేటెంటు 1876 నాటిది. మొదట్లో ఫోన్లు రెండిటి మధ్య ఒక తీగ, అంతే. మీ ఇంటి నుంచి మీ కొట్టుకి ఒక తీగ. పది చోట్లకి మాట్లాడాలంటే పది తీగలు కావాలి. ఇది జరిగే పని కాదు కాబట్టి అందరి తీగలూ ఒకచోటికి తెచ్చి, అక్కడ ఎవరిని ఎవరితో కావాలంటే వారితో కలిపే ఏర్పాటు చేశారు. అదే ఎక్స్ఛేంజి. వ్యాపార పద్ధతిలో నడిచిన మొదటి ఎక్స్ఛేంజి 1878 జనవరి 28న అమెరికాలో కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో మొదలైంది. జార్జ్ కోయ్ అనే ఆయన పెట్టాడు. చందాదారులు 21 మంది. ఆ బోర్డు ఎలా చేశాడనుకున్నారు? బళ్ళకి కొట్టే బోల్టులు, ఆడవాళ్ళ గౌనుల్లో వాడే తీగ, ఇలా చేతికి దొరికిన సామానుతో చేశాడు. ఒకేసారి రెండు సంభాషణలు నడిపితే గొప్ప.

చందాదారులు పెరిగేకొద్దీ ఆ నాటు బోర్డు సరిపోదు కదా. వేగంగా కలపాలి, వేగంగా విడదీయాలి. అదే 1878లో చార్లెస్ స్క్రిబ్నర్ అనే కుర్రాడు ఒక స్విచ్చికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆయనకి అప్పటికి ఇరవై ఏళ్ళు. తర్వాత వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పెద్ద ఇంజినీరై నాలుగు వందలకి పైగా పేటెంట్లు సంపాదించాడు. ఈ స్విచ్చిలో ఒక లోహపు రేకు ఉంటుంది. స్ప్రింగు దాన్ని నొక్కిపెట్టి మామూలుగా ఒక కొనకి ఆనించి ఉంచుతుంది. రంధ్రంలో పిన్ను దూర్చగానే ఆ రేకు పైకి లేస్తుంది. లేవగానే పాత కనెక్షన్ తెగుతుంది, పిన్నుతో కొత్త కనెక్షన్ కలుస్తుంది. ఒకే కదలికలో రెండు పనులు. మడతపెట్టే జేబు చాకుని ఇంగ్లీషులో జాక్ నైఫ్ అంటారు. ఈ రేకు, దాని మడత చూడ్డానికి అలా ఉన్నాయని జాక్ నైఫ్ స్విచ్ అన్నారు. చాకు పోయి జాక్ మిగిలింది అంటారు. కారు కింద పెట్టే జాకీతో దీనికి పనిలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. జాక్ అంటే ఉట్టి రంధ్రం కాదు. అది స్విచ్చి. పిన్ను దూరిందా లేదా అన్న సంగతి దానికి తెలుస్తుంది. మా ఇంట్లో జరిగిన గందరగోళమంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

ఇక బోర్డు ముందు మనుషుల సంగతి. మొదట్లో టెలిగ్రాఫు ఆఫీసుల్లో లాగే మగపిల్లల్ని పెట్టారు. వాళ్ళు చందాదారులతో దురుసుగా మాట్లాడతారని పేరు పడింది. 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ చేరింది. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆవిడే అని చెప్తారు. ఆ తర్వాత దేశదేశాల్లో ఆ ఉద్యోగం ఆడవాళ్ళదైపోయింది. మన దగ్గరికి కూడా ఇది త్వరగానే వచ్చింది. 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్ఛేంజి తెరిచారు. మద్రాసు, బొంబాయిల్లోనూ ఆ రోజుల్లోనే వచ్చాయి. న్యూ హేవెన్ తర్వాత సరిగ్గా నాలుగేళ్ళకి, అదే తారీఖు చూడండి.

ఆ బోర్డుల మీద వాడిన పిన్ను మందం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. మీరు పెళ్ళి బ్యాండువాళ్ళ కీబోర్డుకో, గిటార్‌కో చూసే లావుపాటి పిన్ను ఉంటుంది కదా, హైదరాబాదు కోఠిలో కొట్లో అడిగితే పీ-38 అంటారు, అది దాని వారసుడే. పిన్నుని మూడు భాగాలు చేశారు. కొసన ఉన్నది టిప్పు, దాని వెనక ఉంగరంలా ఉన్నది రింగు, మిగతా పొడవంతా స్లీవు, అంటే చొక్కా చెయ్యి లాంటిది. టెలిఫోన్ లైనుకి రెండు తీగలు ఉంటాయి. ఒకటి టిప్పుకి, ఒకటి రింగుకి. ఇప్పటికీ ల్యాండ్‌లైన్ లైన్‌మన్లు ఆ రెండు తీగల్ని టిప్, రింగ్ అనే అంటారు. బోర్డు పోయింది, పిన్ను పోయింది, పేర్లు మాత్రం ఉన్నాయి.

మరి స్లీవు ఎందుకు? ఇది పెద్దమ్మ చెప్తేనే నాకు సరిగ్గా అర్థమైంది. పెద్ద ఎక్స్ఛేంజిలో ఒకే లైను చాలామంది ఆపరేటర్ల ముందు ఉంటుంది. నువ్వు కలపబోయే లైను మీద ఇంకో ఆపరేటర్ అప్పటికే ఎవరినో కలిపి ఉండొచ్చు. నీకు ఎలా తెలుస్తుంది? పిన్ను పూర్తిగా దూర్చకుండా, టిప్పుతో జాక్ అంచుని ఊరికే తాకించాలి. ఆ అంచు స్లీవుకి కలిసి ఉంటుంది. చెవిలో టిక్కుమంటే లైను బిజీ. ఏమీ లేకపోతే ఖాళీ, దూర్చెయ్. "మాకు చేతికంటే ముందు చెవి చెప్పేది" అంది పెద్దమ్మ.

ఆవిడ పని ఇంకా చెప్తాను, ఇప్పటి పిల్లలకి తెలియదు. రాజమండ్రి నుంచి హైదరాబాదు మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చెయ్యాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని రకాలు. రేటు పెరిగేకొద్దీ వరస ముందుకొస్తుంది. బుక్ చేసి ఇంట్లో కూర్చుంటే గంటకో, నాలుగు గంటలకో మోగుతుంది. కాల్‌కి లెక్క మూడు నిమిషాలు. మూడు నిమిషాలు కాగానే ఆపరేటర్ లైన్లోకి వచ్చి, "మూడు నిమిషాలైందండీ, పొడిగించమంటారా?" అని అడుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కలిపిన వెంటనే వదిలేసి పోకూడదు. ఒక్క క్షణం లైన్లో ఉండి, ఇవతలివాళ్ళు అవతలివాళ్ళకి వినిపిస్తున్నారా లేదా చూసుకోవాలి. "మాట్లాడండి, లైన్లో ఉన్నారు" అని చెప్పి, రెండు గొంతులూ విన్నాకే చెవి పక్కకి తీసేవారట. పిన్ను పెట్టడం సగం పనేనట, మాట అందిందో లేదో చూడటం మిగతా సగం.

ఆ మిగతా సగం పనిని యంత్రం ఎప్పుడు తీసేసుకుందో చూద్దాం. అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అని శవాల అంత్యక్రియలు జరిపించే వ్యాపారి ఉండేవాడు. తనకి రావలసిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీదారుకి మళ్ళిస్తోందని ఆయనకి అనుమానం, దానితో అసలు ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడు అని కథ చెప్తారు. కథ ఎలా ఉన్నా 1891లో ఆయనకి పేటెంటు వచ్చింది, 1892లో ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి నడిచింది. మన దేశంలో ఆపరేటర్ లేకుండా దూరపు ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. అది ఊరూరికీ పాకేసరికి పెద్దమ్మ బోర్డు ముందు కుర్చీ ఖాళీ అయింది, ఆవిడని వేరే సెక్షన్‌కి మార్చారు.

పిన్ను మాత్రం నిరుద్యోగి కాలేదు. ఆపరేటర్ తలకి పెట్టుకునే చెవిగొట్టం నుంచి అది రేడియోవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అమెరికాలో యూటా రాష్ట్రంలో నేథనియల్ బాల్డ్‌విన్ అనే ఆయన 1910 ప్రాంతంలో తన ఇంటి వంటగదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు చేసి నౌకాదళానికి అమ్మాడు. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. స్టీరియో రాగానే పిన్నులో ఉద్యోగాలు మారాయి. టిప్పు ఎడమ చెవికి, రింగు కుడి చెవికి. స్లీవుకి కొత్త ఉద్యోగం వచ్చింది: రెండు చెవులకీ కలిపి తిరుగు దారి. కరెంటు వెళ్తే తిరిగి రావాలి కదా. వెళ్ళే దారులు రెండు, తిరిగొచ్చే దారి ఒకటే.

సైజు కూడా తగ్గింది. 1954లో రీజెన్సీ టీఆర్-1 అనే ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది, జేబులో పట్టేది. జేబు రేడియోకి పావు అంగుళం పిన్ను పెడితే గుమ్మడికాయకి తొడిమ కాదు, తొడిమకి గుమ్మడికాయ కట్టినట్టుంటుంది. అలా చిన్న పిన్నులు పుట్టాయి, వాటిలో 3.5 మిల్లీమీటర్లది నిలబడింది. 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చింది. దానికి స్పీకరు లేదు, వినాలంటే హెడ్‌ఫోనే. ఇద్దరు కలిసి వినడానికి రెండు జాకులు పెట్టారు. ఆ తర్వాత 3.5కి ఎదురులేకుండా పోయింది.

మన ఇళ్ళల్లో టేపురికార్డర్లు గుర్తున్నాయా? ఇయర్‌ఫోన్ పెట్టగానే స్పీకరు ఆగిపోయేది. అది ఎవరి పని? స్క్రిబ్నర్ రేకు పనే. పిన్ను రేకుని లేపుతుంది, స్పీకరుకి వెళ్ళే దారి తెగుతుంది. కొన్నాళ్ళకి ఆ రేకు సాగిపోయి పైనే ఉండిపోయేది. పిన్ను తీసేసినా స్పీకరు పలికేది కాదు. అప్పుడు మనం ఏం చేసేవాళ్ళం? పిన్ను నాలుగుసార్లు పెట్టి తీసేవాళ్ళం, తిట్టుకునేవాళ్ళం, ఉన్నట్టుండి పలికేది. తెలియకుండానే ఎక్స్ఛేంజి మెకానిక్ పని చేశామన్నమాట.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి లోపల చిన్న స్పీకరు ఉండేది, బీప్‌మనేది, అంతే. 1987లో ఆడ్‌లిబ్ అనే సౌండు కార్డు వచ్చింది. దానికి మొదట పెట్టిన జాక్ ఏదో తెలుసా? పావు అంగుళంది. స్విచ్‌బోర్డు సైజు జాక్ కంప్యూటర్ వెనక! 1989లో సింగపూరు కంపెనీ క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది, దానితో ఇంటి కంప్యూటర్లో పాటలు, ఆటలు, గొంతులు మామూలైపోయాయి. కంప్యూటర్ వెనక ఒకేలాంటి రంధ్రాలు మూడు నాలుగు ఉండటంతో జనం మైకు చోట స్పీకరు, స్పీకరు చోట మైకు పెట్టేవాళ్ళు. 1998లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి వేసిన పీసీ 99 నిబంధనల్లో రంగులు ఖాయం చేశారు. మైకు గులాబీ, స్పీకరు లేత ఆకుపచ్చ, బయటి నుంచి పాట తీసుకునేది లేత నీలం. ఈ రంగులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

సౌండు కార్డు మదర్‌బోర్డు మీదకే వచ్చేశాక రెండు కాలాలు నడిచాయి. మొదటిది 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ 97 పద్ధతి. ఇందులో ముందువైపు జాక్‌కి పాత రేకే. సౌండు మదర్‌బోర్డు నుంచి ముందుకి వెళ్ళి, రేకు మీదుగా తిరిగొచ్చి వెనక స్పీకర్లకి వెళ్తుంది. ముందు పిన్ను పెడితే దారి తెగి వెనక స్పీకర్లు ఆగుతాయి. అచ్చం టేపురికార్డరే. ఇందులో ఒక తమాషా ఉంది. ముందువైపు తీగ మదర్‌బోర్డుకి తగిలించకపోతే వెళ్ళిన సౌండు తిరిగి రాదు, వెనక స్పీకర్లు కూడా మూగబోతాయి. అందుకే 5, 6 పిన్నుల్ని ఒకదానితో ఒకటి, 9, 10 పిన్నుల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ చిన్న జంపర్లు పెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో కంప్యూటర్ కొత్తగా బిగించి, సౌండు రాక, ఎన్నిసార్లు విండోస్ మళ్ళీ ఎక్కించారో జనం. కావలసింది రెండు చిన్న ప్లాస్టిక్ జంపర్లు.

రెండోది 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్నది ఇదే. ఇందులో రేకు సౌండు దారిలో ఉండదు. పక్కన విడిగా కూర్చుని కబురు మాత్రం చెప్తుంది. పిన్ను దూరితే ఒక రెసిస్టరు దారి మూసుకుంటుంది. ఒక్కో జాక్‌కి ఒక్కో విలువ: 5.1, 10, 20, 39.2 కిలో ఓములు. అంటే నాలుగు జాకులకీ కలిపి ఒకే తీగ చాలు. విలువ చూసి ఏ జాక్‌లో పిన్ను దూరిందో కనిపెట్టేస్తుంది, స్పీకర్లు ఆపాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటు! కాకపోతే దానికి తెలిసింది ఒక్కటే, పిన్ను దూరింది అని. మాట చెవికి అందిందా అన్నది దానికి తెలియదు. అడగదు కూడా. పెద్దమ్మ చేసిన ఉద్యోగంలో మొదటి సగం రేకుకి వచ్చింది, రెండో సగం ఎవరికీ రాలేదు.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. ముందు జాక్ లోపల స్లీవుకి తగిలే ముక్క ఊగిపోయింది. కబురు చెప్పే రేకు బాగానే ఉంది. అందుకని కంప్యూటర్ హెడ్‌ఫోన్ పెట్టారు అనుకుంది, స్పీకర్లు ఆపింది, సౌండు పంపించింది, గీతలు లేచి పడ్డాయి. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది.

మరి డప్పులు ఎలా వినిపించాయి, గొంతు ఎందుకు పోయింది? తిరిగొచ్చే దారి తెగిపోయింది కదా. ఇక ఎడమ చెవి నుంచి వెళ్ళిన కరెంటు కుడి చెవి మీదుగానే పోవాలి. ఒక తలుపుని ఇద్దరు చెరోవైపు నుంచి సమానంగా తోస్తే తలుపు కదలదు. అలాగే ఎడమ, కుడి రెండిట్లోనూ ఒకేలా ఉన్న శబ్దం కదలదు, మాయమైపోతుంది. తేడా ఉన్న శబ్దం మాత్రమే మిగులుతుంది. కొత్త పాటల్లో గాయకుడిని మధ్యలో పెడతారు, అంటే రెండు చెవులకీ సమానంగా. ఆయన పోతాడు. వాయిద్యాలు కొన్ని ఇటు, కొన్ని అటు ఉంటాయి కాబట్టి మిగులుతాయి. ఘంటసాల కాలం నాటి పాటలు మోనో, రెండు చెవులకీ ఒకే శబ్దం, కాబట్టి పాటంతా పోతుంది. వీడియో కాల్‌లో వచ్చే మనిషి గొంతు కూడా మామూలుగా రెండు చెవులకీ ఒకటే. కాబట్టి ఈ జబ్బు వచ్చిన జాక్‌లో డప్పు వినిపిస్తుంది, కొడుకు వినిపించడు.

మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ఏ వరసలో చూడాలో చెప్తాను. నేను చేసిన వరస మాత్రం చెయ్యకండి. ముందు ఆ హెడ్‌ఫోన్‌ని వేరే యంత్రానికి పెట్టి చూడండి, టీవీకైనా సరే. అక్కడ బాగుంటే హెడ్‌ఫోన్ తప్పు లేదు. తర్వాత అదే కంప్యూటర్ వెనక ఉన్న ఆకుపచ్చ జాక్‌కి పెట్టండి. నేను ఆ పొద్దున్న ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు. డబ్బా బల్లకింద గోడకి ఆనించి ఉంది, తీగ అందదు అని బద్ధకించాను. సాయంత్రం డబ్బా ఇవతలికి లాగి వెనక పెడితే ఘంటసాల ఖంగుమని పాడాడు. వెనక బాగుండి ముందు బాగోకపోతే విండోస్‌నీ డ్రైవర్లనీ తిట్టక్కర్లేదు, తప్పు ముందు జాక్‌లోనో దాని తీగలోనో ఉంది. వెనకా ముందూ రెండూ పలక్కపోతే అప్పుడు సెట్టింగులు, డ్రైవర్లు చూడాలి. ఒక్క చెవే పలికితే బ్యాలెన్సు ఒకసారి చూసి, పిన్ను పూర్తిగా దూరిందా, రంధ్రంలో దుమ్మూ దూదీ పేరుకుందా చూడాలి. పిన్ను తిప్పితే వచ్చిపోతుంటే లోపల అతుకు వదిలిందని అర్థం. ఇంకొకటి, పరీక్షకి పాట పెట్టకండి. మనిషి మాట పెట్టండి, వార్తలు పెట్టండి.

కరెంటు ప్లగ్గు తీసేసి డబ్బా పక్క రేకు విప్పాను. హెచ్‌డీ ఆడియో అని రాసున్న తీగ మదర్‌బోర్డుకి గట్టిగానే తగిలి ఉంది. ముందువైపు జాకులున్న చిన్న బోర్డు విప్పి మా వీధి చివర ఎలక్ట్రానిక్స్ రిపేరు కుర్రాడికి చూపించాను. అద్దం పెట్టి చూపించాడు, ఒక కాలు చుట్టూ వెంట్రుకంత గుండ్రటి పగులు. "పిన్ను పక్కకి లాగుతుంటారు సార్, అప్పుడు టంకం వదిలేస్తది" అన్నాడు. కొత్తగా టంకం వేశాడు. రెండు నిమిషాల పని.

ఇప్పుడు నా ఫోన్ సంగతి. 2016 సెప్టెంబరు 7న యాపిల్ ఐఫోన్ 7 తెచ్చినప్పుడు హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది. వేదిక మీద వాళ్ళ అధికారి ఆ పనికి ధైర్యం అని పేరు పెట్టాడు, జనం చాలా రోజులు నవ్వుకున్నారు. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. తీగ లేకపోవడం సుఖమే, కాదనను. కాకపోతే టంకం వేసి బాగుచేసుకునే వస్తువు ఒకటి మన ఇళ్ళల్లోంచి పోతోంది. వీధి చివర కుర్రాడు రెండు నిమిషాల్లో చెయ్యగలిగిన పని బ్లూటూత్ ఇయర్‌బడ్ పాడైతే చెయ్యలేడు. పారేసి కొత్తది కొనుక్కోవాలి.

తర్వాతి ఆదివారం పెద్దమ్మని మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి ఆవిడకి ఇచ్చే ముందు హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. "అన్నయ్యా, మాట్లాడు" అన్నాను. "వినపడుతోందిరా?" అన్నాడు. వినపడింది. గొంతు ఇంకా బలహీనంగానే ఉంది. అప్పుడు తీసి పెద్దమ్మ చెవులకి పెట్టాను. ఆవిడ ఏమీ అనకుండా చాలాసేపు వింది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఆయన కాసేపు మాట్లాడాక గోడమీద గడియారం చూసి, పాత గొంతుతో, "మూడు నిమిషాలైందండీ, పొడిగించమంటారా?" అంది. అవతల అన్నయ్య నవ్వు నాకు వినపడలేదు గానీ తెరమీద కనపడింది.

ఆ రోజు వాళ్ళు గంట పైనే మాట్లాడుకున్నారు.

ఇదండీ జాక్ కథ. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి వినిపించండి. వినిపించే ముందు హెడ్‌ఫోన్ ఒకసారి మీరు పెట్టుకుని చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ, నమస్కారం.